‘ధర్మయోధుడు’ అనగానే సగం ఆట పోయింది

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో ఈ ఆటకు రెండు పేజీలు దక్కడమే విశేషం. పాచికల ఫొటోలు కూడా ముచ్చటగా ఉన్నాయి. పాలడిన్ అనే పాత్ర (దైవబలంతో పోరాడే వ్రతధారి యోధుడు) దగ్గరికి వచ్చేసరికి మాత్రం వ్యాసం దారి తప్పింది. పాలడిన్‌ను ‘ధర్మయోధుడు’ అన్నారు. అతనికి ఉండాల్సిన లాఫుల్ గుడ్ అనే అలైన్‌మెంట్‌ను ‘ధర్మబద్ధత’ అన్నారు. ఆ వెంటనే ‘ఒక్క అబద్ధం ఆడినా శక్తులన్నీ పోతాయి, ఇదే ఆట నియమం’ అని తేల్చేశారు. ఈ మూడో మాట తప్పు. మొదటి రెండు మాటలే ఆ తప్పుకు దారి తీశాయని నా అభిప్రాయం.

ఆ వ్యాసం చదవనివాళ్ల కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరు డంజన్ మాస్టర్. ఆడేవాళ్లంతా డీఎం అంటారు. కథాలోకాన్ని నడిపేది ఆ మనిషే. మిగతా నలుగురైదుగురు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ఏ పని ఫలించిందో, ఏది బెడిసికొట్టిందో పాచికలు చెబుతాయి. పాత్ర వివరాలు రాసుకునే కాగితాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు. అందులో బలం, తెలివి వంటి అంకెల పక్కన అలైన్‌మెంట్ అని ఒక గడి ఉంటుంది. పాత్ర నైతికంగా ఎటువైపు మొగ్గుతుందో అక్కడ రాస్తారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఆట మొదటిసారి అచ్చయినప్పుడు ఆ గడిలో రాయడానికి మూడే మాటలుండేవి: లా, న్యూట్రాలిటీ, కేయాస్ (అరాచకం). 1977, 78 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలకు వచ్చేసరికి గీత ఒకటి కాస్తా రెండయింది. ఒకటి లాఫుల్ నుంచి కేయాటిక్ వరకు, రెండోది గుడ్ నుంచి ఈవిల్ వరకు. రెండింటికీ నడుమ న్యూట్రల్. మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. మొదటి గీత మనిషి కట్టుబాటుకు ఎంత లొంగుతాడో చెబుతుంది. రెండోది ఎదుటివాడి కష్టం అతనికి ఎంత పడుతుందో చెబుతుంది. రెండూ వేర్వేరు కొలతలు.

తెలుగులో చిక్కు ఇక్కడే పడుతుంది. రాజధర్మం, యుద్ధధర్మం అన్నప్పుడు ధర్మమంటే కట్టుబాటు. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అన్నప్పుడు అదే మాటకు దయ అని అర్థం. రెండు గీతలనూ ఒకే మాటలోకి కుక్కేశాక లాఫుల్ ఈవిల్ అనే గడిని ఏమని పిలవాలి? ‘ధర్మబద్ధ దుర్మార్గుడు’ అంటే బల్ల దగ్గర అందరూ నవ్వుతారు. ఆటలో చూస్తే అలాంటివాళ్లు కొల్లలు. పత్రంలో ఒక్క అక్షరం తేడా లేకుండా ఊరి పొలాలన్నీ తాకట్టు రాయించుకుని, గడువు దాటిన పూటే స్వాధీనం చేసుకునే వడ్డీ వ్యాపారి అచ్చమైన లాఫుల్ ఈవిల్. కరువులో దొర ధాన్యపు కొట్టు తాళం పగలగొట్టి గింజలు పంచేవాడు కేయాటిక్ గుడ్. తెలుగులో ఆడేవాళ్లు లా అన్నచోట ‘కట్టుబాటు’ అనీ, గుడ్ అన్నచోట ‘మంచి’ అనీ వాడుకుంటే గళ్లు తొమ్మిదీ తొమ్మిదిగానే మిగులుతాయి. పాలడిన్‌ను పాలడిన్ అనే అనండి. క్రికెట్‌ను అనువదించకుండానే ఆడుకుంటున్నాం కదా.

ఇక శక్తులు పోయే విషయం. పాలడిన్ మొదట కనిపించింది 1975లో, గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో. కరిష్మా (ఆకర్షణ, మాటబలం) అనే అంకె కనీసం 17 ఉంటేనే ఆ పాత్ర దక్కేది. ఆ రోజుల్లో ఆరు ముఖాల పాచికలు మూడు వేసి, కూడగా వచ్చిందే అంకె. మూడు పాచికలు 216 రకాలుగా పడితే అందులో 17 గానీ 18 గానీ ఇచ్చేవి నాలుగే. 54 సార్లు వేస్తే ఒకసారి తగులుతుందన్నమాట. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఇంకా బిగించింది. బలం 12, తెలివి 9, వివేకం 13, దేహదారుఢ్యం 9, కరిష్మా 17 ఉండాలి. జాతి మనిషే అయివుండాలి, అలైన్‌మెంట్ లాఫుల్ గుడ్డే అయివుండాలి.

ఇన్ని దాటుకుని వచ్చినవాడికి దక్కేవీ ఘనంగానే ఉండేవి. 60 అడుగుల లోపు చెడును పసిగట్టగలడు. రోజుకోసారి చేయి తాకించి లెవెల్‌కు (పాత్ర అనుభవంతో ఎక్కే మెట్టుకు) 2 పాయింట్ల చొప్పున గాయం మాన్పగలడు. రోగాలు అంటవు. ఆపద తప్పించుకోవడానికి వేసే పాచికలన్నిటికీ (సేవింగ్ త్రోలు) 2 కలుస్తుంది. నాలుగో లెవెల్ నుంచి యుద్ధాశ్వాన్ని పిలుచుకోవచ్చు. సాదా ఫైటర్‌కు వీటిలో ఒక్కటీ లేదు. ఈ తేడాకు కట్టాల్సిన కిమ్మతుగానే నియమావళి పెట్టారు. మాయావస్తువులు పదికి మించకూడదు: ఒక కవచం, ఒక డాలు, నాలుగు ఆయుధాలు, ఇతరాలు నాలుగు. ఆదాయంలో పదోవంతు దానం చేయాలి, మిగిలింది కూడబెట్టకూడదు. సావాసం మంచివాళ్లతోనే, అనుచరులు మాత్రం లాఫుల్ గుడ్ వాళ్లే అయివుండాలి. చెడ్డవాళ్లు కాని న్యూట్రల్ వాళ్లున్న జట్టుతో కలవాలంటే ఒక్కో యాత్రకు ఒక్కోసారి మాత్రమే.

తప్పులకు శిక్ష ఏమిటో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. మీ వ్యాసకర్త చూడాల్సింది అది. శిక్ష అక్కడ ఒకటి కాదు, రెండు. తెలిసి కేయాటిక్ పని చేస్తే ఏడో లెవెల్ గానీ అంతకు పైబడి గానీ ఉన్న లాఫుల్ గుడ్ క్లెరిక్‌ను, అంటే పూజారిని వెతుక్కుని, తప్పు ఒప్పుకుని, ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తెలిసి, ఇష్టపడి ఈవిల్ పని చేస్తే పాలడిన్ హోదా ఆ క్షణమే పోతుంది, మళ్లీ రాదు. కట్టుబాటు తప్పితే తిరిగి రావడానికి దారి ఉంది, మంచి తప్పితే లేదు. రెండు గీతల్లో ఏది బరువైనదో 1978లోనే తూచి పెట్టారు. అబద్ధం ఎక్కువగా మొదటి కోవలోకే వస్తుంది. ‘ధర్మం తప్పాడు’ అని ఒకే మాటతో రాసేస్తే ఈ తూకం కనబడకుండా పోతుంది.

2003 నాటి 3.5 ఎడిషన్‌లోనూ ఇదే వరస. ఇష్టపడి ఒక్క ఈవిల్ పని చేసినా శక్తులు పోతాయి. నియమావళి విషయంలో మాత్రం ఘోరంగా ఉల్లంఘిస్తేనే పోతాయి. ఆ ‘ఘోరంగా’ అనే మాట చదవకుండా దాటేసిన డీఎంలే ఆ రోజుల్లో పాలడిన్ ఆటగాళ్లను ఏడిపించారు. పోయినవి తిరిగి రావాలంటే అటోన్‌మెంట్ అనే ఐదో స్థాయి స్పెల్ (మంత్రం) వేయించుకోవాలి. క్లెరిక్‌కు అది తొమ్మిదో లెవెల్‌కు గానీ అందదు, వేయడానికి ఒక గంట పడుతుంది. బుద్ధిపూర్వకంగా చేసిన తప్పైతే స్పెల్ వేసినవాడి అనుభవ పాయింట్లలోంచి 500 కోత పడుతుంది. తప్పు పాలడిన్‌ది, ఖర్చు పూజారిది! అంచేత తెలివైన డీఎం ఆ పూజారి చేత ఊరికే స్పెల్ వేయించడు, ముందు ఒక పని అప్పజెబుతాడు. మూడో లెవెల్ జట్టుకు తొమ్మిదో లెవెల్ క్లెరిక్‌ను వెతికి పట్టుకోవడమే ఒక పెద్ద ప్రయాణం.

3.5 నియమావళిలో అంశాలు నాలుగు. న్యాయమైన అధికారాన్ని గౌరవించాలి. గౌరవంగా మెలగాలి, అంటే అబద్ధం, మోసం, విషప్రయోగం వంటివి కూడదు. కష్టంలో ఉన్నవాళ్లకు సాయపడాలి, వాళ్లు ఆ సాయాన్ని చెడుకో అరాచకానికో వాడనంతవరకు. అమాయకులకు హాని చేసేవాళ్లను, బెదిరించేవాళ్లను శిక్షించాలి. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ వంక పెట్టలేం. ఏది ముందో, ఏది వెనకో రాయకపోవడమే లోపం. పారిపోయి వచ్చిన పదిమందిని పాలడిన్ తన అటకమీద దాచాడనుకోండి. దొర భటులు వచ్చి ‘ఎవరైనా ఉన్నారా’ అని అడిగారు. ఉన్నారంటే మూడో అంశం పోయింది. లేరంటే రెండోది పోయింది. జవాబు చెప్పనంటే మొదటిది పోయింది. ఏం చేసినా పడేలా అంశాలు రాసి పెట్టి, పడ్డాక ఆటగాణ్ణి తప్పుపట్టడం ఏం న్యాయం?

ఈ చిక్కు మనవాళ్లు ఎప్పుడో చూసిందే. కర్ణపర్వంలో కౌశికుడనే తపస్వి ఉన్నాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టినవాడు. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కున్నారు. ఎటు పోయారని దొంగలు అడిగితే ఉన్నదున్నట్టు చూపించాడు. వాళ్లు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. ఈ కథ కృష్ణుడు ఎవరికి చెప్పాడో గుర్తు తెచ్చుకోండి. గాండీవం వేరొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని అర్జునుడు ఒట్టు పెట్టుకున్నాడు. తీరా ఆ మాట అన్నది ధర్మరాజు. కత్తి దూసిన అర్జునుణ్ణి ఆపి, పెద్దవాణ్ణి ‘నువ్వు’ అని ఏకవచనంలో తూలనాడితే చంపినట్టే లెక్క అని కృష్ణుడు దారి చూపించాడు. ఒట్టూ నిలిచింది, అన్నగారూ బతికారు. బల్ల దగ్గర డీఎం చేయాల్సిన పని సరిగ్గా ఇదే. చాలామంది మాత్రం చోద్యం చూస్తూ, కత్తి దిగగానే ‘నీ శక్తులు పోయాయి’ అంటారు.

అంశాలకు వరస పెట్టే పనిని పుస్తకంలోనే తేటగా చేసినవాళ్లు ఇదే కోవకు చెందిన పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్ వాళ్లు, 2019లో. అందులో ఛాంపియన్ అనే తరగతి (పాత్ర రకం) కింద లాఫుల్ గుడ్ పాలడిన్, న్యూట్రల్ గుడ్ రిడీమర్, కేయాటిక్ గుడ్ లిబరేటర్ అని ముగ్గురున్నారు. పాలడిన్‌కు నాలుగు అంశాలు, ముఖ్యమైనది ముందు అనే లెక్కన పేర్చారు. ఒకటి, దైవం నిషేధించినదీ హత్య, చిత్రహింస వంటి చెడ్డ పనీ చేయరాదు. రెండు, అమాయకులకు తెలిసి హాని చేయరాదు, కళ్లముందు జరగబోయే హానిని ఆపగలిగి ఊరుకోరాదు. మూడు, అబద్ధం, మోసం పనికిరావు. నాలుగు, న్యాయమైన పాలకుల చట్టానికి లోబడాలి. రెండు అంశాలు ఢీకొంటే పైదాన్ని పాటిస్తే చాలు, పతనం లేదు. పైన చెప్పిన అటక చిక్కులాంటిదే ఆ పుస్తకం కూడా ఉదాహరణగా ఇచ్చి, దుష్టరాజుకు అబద్ధం చెప్పవచ్చని తేల్చింది. రెండో అంశానికి హద్దు కూడా గీసింది: ఎప్పుడో జరగవచ్చనుకునే హాని వెంట పరుగెత్తనక్కరలేదు, ప్రాణం ఇచ్చి తీరాలనీ లేదు. ఈ హద్దు లేకపోతే పాలడిన్ రోజూ లోకంలోని అన్యాయాలన్నిటికీ జవాబుదారీ అయి జట్టును ముందుకు కదలనివ్వడు.

అతితెలివి ఆటగాళ్ల కోసం ఇంకో వాక్యం ఉంది. కింది అంశాన్ని తప్పించుకోవడానికే పై అంశాన్ని అడ్డు పెట్టుకుంటే అది ఉల్లంఘనే. ‘చట్టాన్ని లెక్కచేయనని మాటిచ్చాను, మాట నిలబెట్టుకోవాలి కాబట్టి లెక్కచేయను’ లాంటి వాదనలకు అక్కడే తలుపు మూశారు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ మధ్యలో వేరే దారులు తొక్కింది. 2008 నాలుగో ఎడిషన్‌లో ఒకసారి పాలడిన్ అయితే శక్తులు పోవడమే లేదు, దారి తప్పినవాడి సంగతి సాటి భక్తులు చూసుకోవాలి. గొడవలైతే తగ్గాయి గానీ పాత్రలో పస కూడా తగ్గింది. 2014 ఐదో ఎడిషన్ అలైన్‌మెంట్ ఆంక్ష తీసేసి, మూడో లెవెల్లో ఒక ప్రతిజ్ఞ పట్టమంది. డివోషన్ ప్రతిజ్ఞలో నిజాయితీ, ధైర్యం, కరుణ, గౌరవం, బాధ్యత ఉన్నాయి. వెంజెన్స్ ప్రతిజ్ఞ చెడు మీద పగబట్టినవాడిది. పెద్ద చెడును ముందు చూడు, దుర్మార్గుడికి దయ చూపకు, ఏ మార్గమైనా సరే, బాధితులకు జరిగిన నష్టం పూడ్చు అంటుంది. పాత పుస్తకాల లెక్కన వెంజెన్స్ పాలడిన్ ఒక్క సెషన్ (ఒక పూట ఆట) కూడా నిలవడు. ప్రతిజ్ఞ తప్పితే సాటి పాలడిన్ ముందో తన మతపు క్లెరిక్ ముందో ఒప్పుకుని, రాత్రంతా జాగారమో ఉపవాసమో చేస్తే మళ్లీ మొదలు. పశ్చాత్తాపమే లేనివాణ్ణి డీఎం ఆ తరగతి వదిలించవచ్చు, ఓత్‌బ్రేకర్‌గా (ప్రతిజ్ఞ విరిచినవాడిగా) మార్చవచ్చు.

జాగారం మాటకు కాస్త లెక్క చూపిస్తాను, ఎందుకంటే చాలామంది ‘రాత్రి ప్రార్థన చేశాను’ అని ఒక్క ముక్కలో దాటేస్తారు. రాత్రంతా మేలుకుంటే శక్తులు తిరిగి తెచ్చే ఎనిమిది గంటల విశ్రాంతి, లాంగ్ రెస్ట్, దక్కదు. ఐదో లెవెల్ పాలడిన్‌కు ఒకటో స్థాయి స్లాట్లు (స్పెల్స్ వేసుకునే వాటాలు) నాలుగు, రెండో స్థాయివి రెండు, గాయం మాన్పే పాయింట్లు 25. ముందురోజు వాడినవేవీ పొద్దుటికి తిరిగి రావు. శత్రువు తరుముతున్న రోజున అలా మేలుకున్నాడంటే అది నిజంగా ప్రాయశ్చిత్తమే. ఊళ్లో సత్రంలో ఖాళీగా ఉన్న రోజున చేస్తే బోడి ఖర్చు లేదు.

చెడును పసిగట్టే శక్తి గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. ఆట చెడేది ఎక్కువగా దానివల్లే. 3.5లో దాన్ని ఎన్నిసార్లయినా వాడవచ్చు. ముందుకు 60 అడుగుల మేర శంకువులా పరుచుకుంటుంది. మొదటి రౌండులో చెడు ఉందో లేదో తెలుస్తుంది. రెండో రౌండులో ఎన్ని ఉన్నాయో, వాటిలో బలమైనది ఎంతో తెలుస్తుంది. ఏది ఎక్కడుందో తెలియాలంటే మూడో రౌండు దాకా ఆగాలి. రౌండుకు ఆరు సెకన్ల చొప్పున 18 సెకన్లు కదలకుండా చూడాలన్నమాట. అడుగు మందం రాయి, అంగుళం మందం లోహం, మూడడుగుల కర్ర గానీ మట్టి గానీ అడ్డుంటే ఆగిపోతుంది. సీసమైతే పల్చటి రేకు చాలు. సీసపు రేకు లోపల కుట్టించిన టోపీ పెట్టుకున్న మంత్రిని చూపించి జట్టును తిప్పలు పెట్టిన డీఎంలు లోకంలో తక్కువేం కాదు.

అసలు చిక్కు ఏమిటంటే, 3.5లో ఒకటో లెవెల్ పిసినారి కొట్టువాడు కూడా ఈవిల్ అని రాసి ఉంటే మసగ్గా మెరుస్తాడు. కొత్త ఆటగాడు ‘మెరిసింది, నరికేస్తాను’ అంటాడు. మనసులో విషం ఉండటం నేరం కాదు, నేరం చేయనివాణ్ణి నరకడం మాత్రం హత్య. పడేది పాలడినే. పైగా చెడ్డవాళ్ల కోసం ఉంచిన ప్రత్యేక దెబ్బ స్మైట్ ఈవిల్‌ను తప్పుడు మనిషి మీద ప్రయోగిస్తే ఆ దెబ్బకు అదనపు బలం రాదు, ఆ రోజు వాటా ఖర్చవుతుంది. 2009 పాత్‌ఫైండర్ ఇక్కడ మంచి పని చేసింది. ఐదు హిట్ డైస్ (ప్రాణబలం కొలిచే పాచికలు) కంటే తక్కువున్న మామూలు మనుషులు అసలు మెరవరు. ఐదో ఎడిషన్ ఇంకో అడుగు వేసి, ఈ శక్తి దేవదూతలు, పిశాచాలు, నడిచే శవాలనే పట్టుకునేలా మార్చింది. పొరుగువాడి మనసు అందులో కనబడదు. నన్నడిగితే ఇదే సరైనది. పాత ఎడిషన్ ఆడేవాళ్లు కూడా ఈ ఒక్క సవరణ అరువు తెచ్చుకోవచ్చు, ఇంకేమీ చెడదు.

ఇప్పుడు బల్ల దగ్గర పని. నియమావళి ఆట మొదలయ్యే ముందే, షీటు వెనక, ఐదు వాక్యాలకు మించకుండా రాయించండి. ప్రతి వాక్యానికి అంకె వేయండి. ‘మంచి’కి సంబంధించినవి పైన, ‘కట్టుబాటు’కు సంబంధించినవి కింద. ప్రతి దానికీ ఒక హద్దు రాయండి. ‘అబద్ధం ఆడను’ అంటే మౌనం అబద్ధమా కాదా, జట్టులో వేరొకరు అబద్ధం చెబుతుంటే పక్కన నిలబడటం అబద్ధమా కాదా అన్నది ముందే తేలాలి. యుద్ధంలో మాటువేయడం మోసమా? విషం కూడదంటే పాముకు మత్తుమందు పెట్టవచ్చా? పది నిమిషాల మాటలతో తేలే ఈ ప్రశ్నలు ఆట మధ్యలో లేస్తే గంట తినేస్తాయి.

‘తెలిసి’, ‘ఇష్టపడి’ అనే రెండు మాటలు తప్పనిసరి. మంత్రవశమై చేసినది, మోసపోయి చేసినది ఉల్లంఘన కాదు. ఇంకొక నియమం డీఎంకు: పాలడిన్ గీత దాటబోతున్నాడని తోస్తే పాచిక వేయకముందే ‘ఇది నీ రెండో అంశానికి విరుద్ధమని నీకు తెలుసు’ అని నోటితో చెప్పాలి. పాత్ర ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాడు, ఆటగాడు శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చినవాడు. ఆ తేడా పూడ్చే బాధ్యత డీఎందే. ఈ హెచ్చరిక ఒక్కటి ఉంటే పతనం గొడవలు చాలావరకు పుట్టనే పుట్టవు. విన్నాక కూడా ముందుకే పోతే అది ఆటగాడు కోరుకున్న కథ, దాన్ని గౌరవించాలి.

శిక్షకు మెట్లుండాలి. ఐదో ఎడిషన్‌కు సరిపోయే కొలత ఇది, పుస్తకంలోది కాదు, వాడుకలో నిలబడేది. కింది అంశం చిన్నగా తప్పితే పాయింట్లేవీ పోవు, నష్టపోయినవాడికి పరిహారం ఇస్తే చాలు. పెద్దగా తప్పితే ఒప్పుకునేదాకా గాయం మాన్పే పాయింట్లు సగమే, 25 ఉన్నవాడికి 12. పై అంశం తెలిసి తప్పితే స్మైట్, స్పెల్స్ ఆగిపోతాయి, జాగారం అయ్యాక గానీ రావు. కత్తి పట్టడం, కవచం తొడగడం ఎప్పుడూ పోకూడదు. ఆటగాడు సెషనంతా చేతులు కట్టుకుని కూర్చునే శిక్ష ఎవరికీ పనికిరాదు.

నియమావళి పాలడిన్ చేతులనే కట్టాలి, పక్కవాడి చేతులను కాదు. పాత సావాస నియమం చేసిన పెద్ద అపకారం అదే. జట్టులో ఒకరు పాలడిన్ తీసుకుంటే మిగతా అందరి షీట్ల మీదా పోలీసు కూర్చున్నట్టయ్యేది. దొంగ పాత్ర జేబు కొడితే పాలడిన్ అందులో వాటా తీసుకోకుండా ఉంటే చాలు. 350 బంగారు నాణేల న్యాయమైన వాటా వస్తే 35 దానంగా కొట్టేయండి, షీటు మీద లెక్క ఉంచండి.

ప్రతి బల్ల దగ్గరా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఖైదీల చిక్కును ఈ పద్ధతిలో పెట్టి చూద్దాం. దొంగల కోట పడింది. నలుగురు ఆయుధాలు పారేసి లొంగిపోయారు. ఊరికి మూడు రోజుల నడక. నలుగురున్న జట్టు దగ్గర 16 పూర్తి రేషన్లున్నాయి. ‘తిండి చాలదు, చంపక తప్పదు’ అని ఎవరో ఒకరు అంటారు. లెక్క వేయండి. ఎనిమిది మందికి మూడు రోజులంటే 24 కావాలి, ఎనిమిది తక్కువ. సగం రేషన్ తింటే 12 చాలు, నాలుగు మిగులుతాయి. ఐదో ఎడిషన్‌లో సగం తిన్న రోజు సగం పస్తు కింద లెక్క. దేహదారుఢ్యంలో అదనం ఏమీ లేని మనిషి కూడా మూడు రోజుల పస్తు తట్టుకుంటాడు. ఇక్కడ ఒకటిన్నరే. ఎవరికీ ఏమీ కాదు. కాపలా సంగతి చూస్తే, లాంగ్ రెస్ట్ ఎనిమిది గంటల్లో రెండు గంటలు కాపలా కాసినా విశ్రాంతి చెడదు. నలుగురూ తలా రెండు గంటలు కాస్తే రాత్రి సరిపోతుంది. నీతి సంకటమనుకున్నది కాస్తా కూడికలు, తీసివేతలయింది. పాలడిన్‌కు తప్పు చేయక తప్పదని ఎవరైనా అంటే ముందు మూటలో ఏముందో లెక్కపెట్టమనాలి.

లెక్కకు లొంగనిది ఒకటి మిగులుతుంది. ఖైదీల్లో ఒకడు రాత్రి పారిపోయి ముఠాను మళ్లీ కూడగడతానని మొహం మీదే చెప్పాడు. పాత్‌ఫైండర్ రెండో అంశంలో గీసిన హద్దు ఇక్కడ పనికొస్తుంది: ఎప్పుడో జరగబోయే హాని ఇప్పుడు చంపడానికి కారణం కాదు. కట్లు బిగించి, కాపలా ఇద్దరికి పెంచి, ఊళ్లో న్యాయాధికారికి అప్పగించాలి. ఆ న్యాయాధికారి లంచగొండి అయితే నాలుగో అంశంలోని ‘న్యాయమైన’ అనే మాట ముందుకొస్తుంది. వచ్చే నెల ఆటంతా అక్కడి నుంచి పుడుతుంది.

అలైన్‌మెంట్ గడిని అసలు ఉంచాలా అన్న ప్రశ్నకు బయట కూడా జవాబు మారుతోంది. 2023 నుంచి వచ్చిన పాత్‌ఫైండర్ సవరణ పుస్తకాలు దాన్ని తీసేశాయి. దేవుళ్లకు, పిశాచాలకు ఉంచి మనుషులకు తీసేయడం నాకు నచ్చిన పద్ధతి. ఉంచుకునేవాళ్లు దాన్ని దినచర్యలా వాడాలి. ఒక్క పనికి గడి మార్చకూడదు. మూడు నాలుగు సెషన్లు ఒకే దిక్కుకు నడిస్తే అప్పుడు ఆటగాడితో మాట్లాడి మార్చాలి.

ఉత్తరం పొడుగైంది. కోయాల్సి వస్తే చరిత్ర కోయండి, ఖైదీల లెక్క ఉంచండి. వ్యాసానికి సవరణ వేసేటట్టయితే ఇంకొకటి కూడా చూడండి. పెట్టెలో పాలడిన్ బొమ్మ కింద కరిష్మా 17ను ‘అందం 17’ అని అచ్చువేశారు. కరిష్మాలో రూపం ఒక పాలే. మాటతో ఒప్పించడం, పదిమందిని వెంట నడిపించడం మిగతా పాళ్లు. 1985లో అందానికి కమ్‌లీనెస్ అని విడిగా ఏడో అంకె పెట్టి చూశారు కూడా. పాలడిన్‌కు ఆ అంకెతో పని లేదు.

ఇట్లు
ఒక డీఎం, సికింద్రాబాద్